మెనూ నొక్కినా కమాండ్ కొట్టినా నడిచేది ఒకటే: లినక్స్ మింట్‌కు కొత్తగా వచ్చిన మాస్టారికి జవాబు

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకూ పనికొస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ పాతది కావడంతో విండోస్ 11 ఎక్కలేదు. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు అందులో విండోస్‌కు బదులుగా నడిచే లినక్స్ మింట్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ (మెనూ, పట్టీ, బొమ్మలు చూపే భాగం) వేసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మీకు మూడు తలనొప్పులు. ఇంటర్నెట్ నుంచి దించుకున్న యాప్‌ఇమేజ్ (ఒక్క ఫైలుగా వచ్చే ప్రోగ్రామ్) మెనూలో కనిపించడం లేదు. డిస్కులో ఖాళీ ఎంతుందో చూద్దామని, మేనల్లుడు చెప్పినట్టే ఆల్ట్, ఎఫ్2 నొక్కి డిఎఫ్ అని కొడితే ఏమీ రాలేదు. మొన్న కింది పట్టీ మొత్తం మాయమైపోతే రెండు రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు. "ఈ వయసులో కమాండ్లు నేర్చుకోవాలా, మెనూలతో గడిపేయొచ్చా?" అని అడిగారు.

రోజువారీ పనికి మెనూలు చాలు. అయినా ఓ అరడజను కమాండ్లు నేర్చుకోమనే చెప్తాను. ఏదైనా చెడిపోయినప్పుడు ఎందుకు చెడిందో మెనూ చెప్పదు, కమాండ్ చెప్తుంది. పదిహేనేళ్ళుగా కాలేజీ ల్యాబుల్లో లినక్స్ మెషీన్లు చూసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడా తెలియక వచ్చేవే.

ఇంకో మాట. కమాండ్లన్నీ ఇక్కడ ఫోన్లో చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఒక్క పెద్ద అక్షరం పడినా లినక్స్‌కు అది వేరే మాటే.

ముందు మెనూ వెనక ఏముందో మీ కళ్ళతో చూడండి. ఫైల్ మేనేజర్ తెరవండి, దాని పేరు థునార్. కంట్రోల్, ఎల్ నొక్కితే చిరునామా కొట్టే చోటు వస్తుంది. అక్కడ /యుఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మెనూలో మీరు రోజూ చూసే బొమ్మలు చాలావరకు అక్కడ బారులు తీరి ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌తో తెరవండి. ఏమైనా చెడగొడతానేమోనని టెన్షన్ పడకండి, అది సిస్టమ్ ఫైలు. మీ పాస్‌వర్డ్ అడగకుండా అందులో మార్పు సేవ్ కాదు.

తెరిస్తే కనిపించేది మామూలు అక్షరాలే. మొదట చదరపు బ్రాకెట్లలో డెస్క్‌టాప్ ఎంట్రీ అని ఉంటుంది. 'నేమ్' అనే లైనులో ఫైర్‌ఫాక్స్ అని పేరు. 'ఐకాన్' దగ్గర బొమ్మ పేరు. 'కేటగిరీస్' దగ్గర నెట్‌వర్క్ అని ఉంటుంది. మెనూలో ఇంటర్నెట్ అనే విభాగంలోకి ఫైర్‌ఫాక్స్ వచ్చి చేరేది ఆ ఒక్క మాట వల్లే. అసలు ప్రాణం మాత్రం 'ఎగ్జెక్' అనే లైనులో ఉంది. అక్కడ ఫైర్‌ఫాక్స్ అనే మాట, పక్కన %యు అనే గుర్తు ఉంటాయి. ఆ గుర్తు ఉన్న చోటికి మీరు నొక్కిన లింకు చిరునామా వచ్చి కూర్చుంటుంది.

అంటే మెనూలో బొమ్మ నొక్కినప్పుడల్లా మీ తరఫున కంప్యూటరే ఆ కమాండ్ నడుపుతోంది. ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఫైర్‌ఫాక్స్ అని కొడితే అదే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. కాబట్టి మాస్టారూ, మీరు ఇన్ని నెలలుగా కమాండ్లు వాడుతూనే ఉన్నారు. వాటిని ఇంకొకరు ముందే రాసిపెట్టారు, అంతే తేడా. ఈ ఫైళ్ళ పద్ధతి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కదానిదే కాదు. గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లూ ఇదే ఒప్పందం పాటిస్తాయి. ఒకసారి రాసిన ఫైలు రేపు మీరు డెస్క్‌టాప్ మార్చినా పనిచేస్తుంది.

తెలుగు వాళ్ళకు ఇందులో ఇంకో ముచ్చట ఉంది. కొన్ని ఫైళ్ళలో 'నేమ్' పక్కన చదరపు బ్రాకెట్లలో టి, ఇ అనే రెండు అక్షరాలు ఉండి, ఎదురుగా తెలుగు పేరు కనిపిస్తుంది. సిస్టమ్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్ళకు మెనూలో ఆ పేరే వస్తుంది. అలాంటి లైన్ల వెనక తెలుగు వాలంటీర్లు కూర్చుని ఒక్కో మాటా అనువదించిన శ్రమ ఉంది. మొదటిసారి మెనూ మొత్తం తెలుగులో చూసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది, ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. డిఎఫ్ కొడితే ఏమీ జరగలేదన్నారు. నిజానికి జరిగింది. డిఎఫ్ నడిచింది, లెక్క కట్టింది, జవాబు చెప్పింది. ఖాళీ క్లాసులో పాఠం చెప్పి వెళ్ళిపోయినట్టు, వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఫైర్‌ఫాక్స్ లాంటి ప్రోగ్రాములు తమ కిటికీ తామే తెరుచుకుంటాయి. డిఎఫ్ లాంటివి అక్షరాలు రాస్తాయి, ఆ అక్షరాలు పడటానికి టెర్మినల్ అనే పలక కావాలి. ఆల్ట్, ఎఫ్2 పెట్టె ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టి పక్కకు తప్పుకుంటుంది, పలక ఇవ్వదు. కిటికీ ఉన్న ప్రోగ్రామ్ అయితే ఆ పెట్టె, అక్షరాల్లో జవాబిచ్చేదైతే టెర్మినల్ అని గుర్తుపెట్టుకోండి.

కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అందులో డిఎఫ్, ఖాళీ (స్పేస్ బార్), చిన్న గీత (హైఫన్), హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ హెచ్ లేకపోతే అంకెలన్నీ కిలోబైట్లలో వచ్చి కళ్ళు తిరుగుతాయి. ఉంటే 45జీ, 120జీ అని మనుషులు చదివే తీరులో వస్తాయి. చాలా లైన్లు పడతాయి. టిఎంపిఎఫ్ఎస్ అని మొదలయ్యే వాటిని వదిలేయండి. చివరి గడిలో / అనే గుర్తు ఒక్కటే ఉన్న లైను చూడండి, అదే మీ డిస్కు. దానికి ముందు గడిలో ఎంత శాతం నిండిందో ఉంటుంది. తొంభై దాటితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ శుభ్రం చేయడం మొదలుపెట్టండి.

ఈ కమాండ్ల పేర్లు ఇంత పొట్టిగా, అర్థం కాకుండా ఎందుకున్నాయని మా స్టూడెంట్స్ ప్రతి ఏడూ అడుగుతారు. ఎల్ఎస్ (ఫైళ్ళ జాబితా), సిపి (కాపీ), ఎంవి (తరలించడం), ఆర్ఎం (చెరపడం), డిఎఫ్ ఇవన్నీ లినక్స్ నమూనాగా తీసుకున్న యూనిక్స్ అనే పాత సిస్టమ్ నాటివి, 1971లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన దాని మొదటి ఎడిషన్‌లోనే ఉన్నాయి. అప్పట్లో తెర లేదు. టెలిటైప్ మీద, గట్టి మీటలతో, కాగితం మీద నెమ్మదిగా అచ్చయ్యేది. ఒక్క అక్షరం తగ్గినా చేతికి లాభమే. ఆ పేర్లే మీ ల్యాప్‌టాప్ దాకా వచ్చాయి.

ఆల్ట్, ఎఫ్2 గురించి ఇంకో చిన్న సంగతి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2 నొక్కితే వెలుతురో శబ్దమో మారుతుంది తప్ప పెట్టె రాదు. అలాంటప్పుడు ఎడమవైపు కింద ఉన్న ఎఫ్ఎన్ మీటను కూడా కలిపి నొక్కాలి.

మూడోది, మాయమైన పట్టీ. కొత్తవాళ్ళను బాగా భయపెట్టేది ఇదే. మెనూ కూడా ఆ పట్టీతోనే పోతుంది కదా, ఇంక దారే లేదనిపిస్తుంది. ల్యాబులో ఒకసారి ఒక అమ్మాయి ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది, తెర మీద ఖాళీ నీలం రంగు తప్ప ఏమీ లేదని. ఆల్ట్, ఎఫ్2 నొక్కించి, ఎక్స్ఎఫ్‌సిఇ4, చిన్న గీత, ప్యానెల్ అని ఖాళీలు లేకుండా కొట్టించాను. ఎంటర్ నొక్కిన మరుక్షణం పట్టీ వచ్చి కూర్చుంది. పట్టీ కూడా ఒక ప్రోగ్రామే, అది ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టాం. అప్పటికీ రాకపోతే అది నడుస్తూనే దాక్కుని ఉండొచ్చు. అప్పుడు అదే మాట తర్వాత ఖాళీ ఇచ్చి, రెండు గీతలు, ప్రిఫరెన్సెస్ అని చేర్చి కొట్టండి. పట్టీ సెట్టింగులు తెరుచుకుంటాయి. తనంతట తాను దాక్కునే ఆప్షన్ ఆన్ అయి ఉంటే 'ఎప్పుడూ వద్దు' అని మార్చండి. డెస్క్‌టాప్ ఖాళీ చోట కుడి బటన్ నొక్కినా మామూలుగా అప్లికేషన్స్ అనే మెనూ ఉంటుంది. పట్టీ లేనప్పుడు అదీ ఒక దారి.

ఇక మీ యాప్‌ఇమేజ్. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకున్న ప్రోగ్రాములు తమ డెస్క్‌టాప్ ఎంట్రీ ఫైలును కూడా తెచ్చుకుంటాయి. కాబట్టి మెనూలో కనిపిస్తాయి. యాప్‌ఇమేజ్ అనేది ఒక్క ఫైలుగా వస్తుంది, దాని గురించి మెనూకు ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పడమేదో మనమే చేయాలి.

ముందు దాన్ని డౌన్‌లోడ్స్ నుంచి తీసేయండి. హోమ్‌లో యాప్స్ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. లేకపోతే ఏదో ఒక రోజు డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తూ దాన్నీ చెరిపేస్తారు. తర్వాత దాని మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిచి, పర్మిషన్స్ అనే పేజీలో 'ఈ ఫైలును ప్రోగ్రామ్‌గా నడవనివ్వు' అనే అర్థం వచ్చే చోట టిక్ పెట్టండి. ఇప్పుడు రెండుసార్లు నొక్కి చూడండి. తెరుచుకుంటే సంతోషం. తెరుచుకోకపోతే, నేను మొదట్లో చెప్పిన తేడా ఇక్కడే అక్కరకొస్తుంది.

బొమ్మ మీద నొక్కినప్పుడు ప్రోగ్రామ్ పడిపోతే మీకు కనిపించేది మౌనం. అది ఏదో చెప్పే పడిపోయి ఉంటుంది, మనకు వినపడలేదు. యాప్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఖాళీ చోట కుడి బటన్ నొక్కి అక్కడే టెర్మినల్ తెరవండి. ఒక చుక్క, / గుర్తు, తర్వాత ఫైలు పేరు. పేరు మొత్తం కొట్టక్కర్లేదు. మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. అవే అక్షరాలతో మొదలయ్యే ఫైలు ఇంకోటి లేకపోయినా పూర్తి చేయలేదంటే, మీరు కొట్టిన దాంట్లోనే తప్పుంది. టెర్మినల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మీట ఈ ట్యాబే. అక్షరదోషం అక్కడికక్కడే పట్టిస్తుంది, మాస్టారి ఎర్ర సిరా పెన్ను లాగా. ముందు ఆ చుక్క, / గుర్తు ఎందుకంటే, ఉత్త పేరు కొడితే లినక్స్ కొన్ని నిర్ణీత ఫోల్డర్లలోనే వెతుకుతుంది. 'ఇదిగో, ఇక్కడే ఉంది' అని చెప్పడానికి ఆ రెండు గుర్తులు. ఎంటర్ నొక్కాక ప్రోగ్రామ్ పడిపోతే, దానికి కావలసిన ఏ లైబ్రరీ (సహాయక ఫైలు) లేదో, ఏ అనుమతి చాలలేదో మామూలుగా ఒక్క లైనైనా రాస్తుంది. ఆ లైనే మందుచీటీ.

ప్రోగ్రామ్ నడిచిందనుకుందాం, ఇప్పుడు మెనూలోకి ఎక్కించాలి. సులువు దారి ఒకటుంది. డెస్క్‌టాప్ ఖాళీ చోట కుడి బటన్ నొక్కి 'క్రియేట్ లాంచర్' ఎంచుకోండి. పేరు, కమాండ్, బొమ్మ అడుగుతుంది. 'రన్ ఇన్ టెర్మినల్' అనే టిక్ కూడా ఉంటుంది, డిఎఫ్ లాంటి వాటికి పలక ఇచ్చేది అదే. మీ ప్రోగ్రామ్‌కు అది అక్కర్లేదు. ఇలా చేస్తే బొమ్మ డెస్క్‌టాప్ మీదికి వస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు 'దీన్ని నమ్మొచ్చా' అని అడగొచ్చు, మీరు చేసిందే కాబట్టి ఒప్పుకోండి.

మెనూలోకే రావాలంటే, డెస్క్‌టాప్ ఎంట్రీ ఫైలును హోమ్‌లో దాగి ఉన్న .లోకల్ ఫోల్డర్‌లో, దాని లోపలి షేర్‌లో, దాని లోపలి అప్లికేషన్స్‌లో పెట్టాలి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనిపించవు, థునార్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే కనిపిస్తాయి. అక్కడ అప్లికేషన్స్ లేకపోతే మీరే చేయండి. డెస్క్‌టాప్ మీద తయారైన ఫైలునే అక్కడికి కాపీ చేసినా సరిపోతుంది. 'ఎగ్జెక్' లైనులో మాత్రం ఫైలు చిరునామా /హోమ్ దగ్గర నుంచి పూర్తిగా ఉండాలి. టెర్మినల్‌లో హోమ్‌కు బదులు వాడే ~ గుర్తు ఇక్కడ చెల్లదు. ఈ ఒక్క గుర్తు వల్ల నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను, మీకు ఆ శ్రమ వద్దు. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే చిరునామాకు రెండు వైపులా డబుల్ కోట్స్ పెట్టండి. అసలు ఖాళీలు లేని పేరు పెట్టుకోవడం ఇంకా మేలు.

మెనూ వాడకం గురించి మీరు అడగలేదు గానీ, మీరు ఒక్కో విభాగం తెరిచి వెతుకుతున్నారని ప్రశ్న చదివితే తెలిసింది. అంత తిరగక్కర్లేదు. విండోస్ బొమ్మ ఉన్న మీట నొక్కండి, మెనూ తెరుచుకుంటుంది, వెంటనే టైప్ చేయడం మొదలుపెట్టండి. ప్రోగ్రామ్ పేరు గుర్తులేకపోతే పని పేరు కొట్టి చూడండి. పిడిఎఫ్ అని కొడితే అది తెరిచే ప్రోగ్రామ్ వస్తుంది. రోజూ వాడే దాని మీద కుడి బటన్ నొక్కితే ఇష్టమైనవాటిలోకో పట్టీ మీదికో చేర్చుకోవచ్చు. అదే వెతికే చోట ముందు ఆశ్చర్యార్థకం పెట్టి, దాని వెనకే టాప్ అని కొట్టి ఎంటర్ నొక్కితే టెర్మినల్‌లో తెరుచుకుంటుంది. ఏ ప్రోగ్రామ్ ఎంత ర్యామ్ తింటోందో చూపే కమాండ్ అది. బయటికి రావడానికి క్యూ నొక్కండి.

ప్రోగ్రాముల లోపలి మెనూల్లో పేరు చివర మూడు చుక్కలుంటే, నొక్కగానే పని జరిగిపోదు, ముందు ఏదో అడుగుతుందని అర్థం. కాబట్టి నొక్కి చూడటానికి జంకక్కర్లేదు. ఏదైనా అక్షరం కింద గీత ఉంటే ఆల్ట్‌తో పాటు ఆ అక్షరం నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుంది. తెలుగు మెనూల్లో తరచు తెలుగు పేరు పక్కన బ్రాకెట్లో ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది చూడండి, అది ఇందుకే.

ప్రోగ్రామ్ బిగుసుకుపోతే పవర్ బటన్ పట్టుకుని ఆపేయకండి. మా వీధిలో కార్డులు డిజైన్ చేసే ఆయన పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇలాగే ఆపేసి, పక్కన తెరిచి ఉన్న మరో రెండు కార్డుల పని కూడా పోగొట్టుకున్నారు. ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఎక్స్‌కిల్ అని కొట్టండి. మౌస్ బాణం గుర్తు మారుతుంది. దానితో బిగుసుకున్న కిటికీ మీద నొక్కితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది, మిగతా ప్రోగ్రాములు క్షేమం. మనసు మారితే కుడి బటన్ నొక్కండి, రద్దవుతుంది. పట్టీ మీద గానీ ఖాళీ డెస్క్‌టాప్ మీద గానీ మాత్రం నొక్కవద్దు.

తెలుగులో టైప్ చేసేవాళ్ళం కాబట్టి మనకు మాత్రమే వచ్చే తంటా ఒకటుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉండగా ఎల్ఎస్ కొడితే తెర మీద 'తే' అని పడుతుంది, ఎల్ దగ్గర త, ఎస్ దగ్గర ఏత్వం ఉంటాయి గనక. అలాంటి కమాండ్ లేదని టెర్మినల్ అంటుంది. తెర మీద కనిపిస్తుంది కాబట్టి అది నయం. పాస్‌వర్డ్ దగ్గర అయితే అక్షరాలు కనపడవు, మింట్‌లో నక్షత్రాలు మాత్రం పడతాయి. సరైనదే కొడుతున్నామని మనం, తప్పని అది. పాస్‌వర్డ్ తప్పంటే ముందు పట్టీ మీద కీబోర్డు భాష చూసుకోండి.

ఇలాంటిదే ఇంకోటి. మేనల్లుడు ఫోన్‌లో మెసేజ్‌గా పంపిన కమాండ్‌లో రెండు చిన్న గీతలు కలిసిపోయి ఒక పొడుగు గీత అవుతాయి, నిటారు కోట్స్ వంపు తిరుగుతాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పనిచేయవు. అతికించాక గీతలూ కోట్సూ మీ చేత్తో మళ్ళీ కొట్టండి. టెర్మినల్‌లో అతికించడానికి కంట్రోల్, షిఫ్ట్, వి. అలవాటుగా కంట్రోల్, ఎస్ నొక్కితే మాత్రం టెర్మినల్ గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. కంట్రోల్, క్యూ నొక్కితే కదులుతుంది.

జాగ్రత్త ఒక్కచోటే కావాలి. సుడో అని మొదలయ్యే కమాండ్ మీ కంప్యూటర్‌లో ఏదైనా చేయగలదు. ఎక్కడో చూసిన లైనులో సుడో తర్వాత ఆర్ఎం గానీ, డిస్కు మీద నేరుగా రాసేసే డిడి గానీ ఉంటే ఎంటర్ నొక్కకండి, ముందు మేనల్లుణ్ణి అడగండి. ఆర్ఎం చెరిపింది చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు. మిగతా ఏ కమాండ్ అర్థం కాకపోయినా మ్యాన్, ఖాళీ, దాని పేరు కొడితే వివరం వస్తుంది, క్యూ నొక్కితే పోతుంది.

ఇప్పుడు యాప్‌ఇమేజ్‌ను టెర్మినల్‌లో నడిపి చూడండి. తెరుచుకోకపోతే వచ్చిన లైన్లను మౌస్‌తో ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సి నొక్కి కాపీ చేసి, ఉన్నవి ఉన్నట్టు నాకు పంపండి. ఫొటో వద్దు మాస్టారూ, అక్షరాలే కావాలి.